బండి చూడ్డానికి బెజవాడ

పుణెలో బయల్దేరి సోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరే రోడ్డు ఎన్‌హెచ్ 65. పాత నంబర్ 9. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు మీరు చూసే ఉంటారు, ఆ రోడ్డే. హైదరాబాద్ నుంచి విజయవాడకి దాదాపు 275 కిలోమీటర్లు. ఇంచుమించు సగం దారిలో సూర్యాపేట.

పండగలప్పుడు ఈ రోడ్డు మీద ఎవరు వెళ్తారో అందరికీ తెలుసు. మామూలు శనివారాల్లో పొద్దుటి బస్సు ఎక్కితే మాత్రం ఇంకో రకం ప్రయాణికులు కనిపిస్తారు. ఒళ్లో హెల్మెట్ ఉంటుంది, బండి ఉండదు. అర్థం చేసుకోండి, వేరే ఊళ్లో సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తున్నాడు. నచ్చితే నడుపుకుంటూ వచ్చేద్దామని ప్లాన్. ఫోన్లో యాప్ తెరిస్తే చాలు, 300 కిలోమీటర్ల అవతలున్న బండి కూడా పక్క వీధిలో ఉన్నట్టే కనిపిస్తుంది మరి.

గత నెలలో అలాంటి హెల్మెట్ ఒకటి మా చిన్నమ్మ కొడుకు ఒళ్లో ఉంది. వాడికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం. పది నెలల జీతంలోంచి దాచుకున్న లక్షా పది వేలు. విజయవాడ కానూరులో యమహా ఆర్15 వీ3 ఒకటి అమ్మకానికి ఉంది. 2019 మోడల్, రేసింగ్ బ్లూ, 16 వేల కిలోమీటర్లు తిరిగింది, ‘సింగిల్ హ్యాండ్, షోరూమ్ కండిషన్’. అడుగుతున్న రేటు లక్షా అయిదు వేలు. వారం రోజులుగా వాడి ఫోన్ వాల్‌పేపర్ ఆ బండే.

నన్ను తోడు పంపింది చిన్నమ్మ. సూర్యాపేటలో వాళ్లిల్లు హైవే పక్కనే. అంబులెన్స్ సైరన్ వినపడితే ఆమె ముందు కొడుక్కి ఫోన్ చేస్తుంది, వాడు ఎత్తాకే మిగతా పని. “వాడు వద్దంటే వినడు బిడ్డా. నువ్వన్నా సక్కగ చూడు” అంది.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా ఆఫీసులో ఓ రూలుంది. కోడ్ రాసినవాడు దాన్ని తనే టెస్ట్ చేసి ‘ఓకే’ అనకూడదు. వాడికి తెలివి లేక కాదు. అది పనిచేయాలని వాడికి మనసులో ఉంటుంది కాబట్టి బగ్ కళ్ల ముందున్నా కనపడదు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ కొనడానికీ ఇదే రూలు. ఆ బండి అక్కర్లేని మనిషిని ఒకణ్ని వెంట తీసుకెళ్లండి. నాకు అక్కర్లేదు. మెట్రోలో ఆఫీసుకెళ్తాను, ఆర్15 మీద అరగంట వంగి కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఈ పనికి ఇంతకన్నా మంచి క్వాలిఫికేషన్ లేదు.

కడిగిన బండి, వెచ్చని ఇంజిన్

కానూరు వెళ్లడానికి రోడ్డు మారాల్సిన పని కూడా లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగి, మచిలీపట్నం వైపు షేర్ ఆటో ఎక్కితే పటమట, ఆటోనగర్ గేటు, ఆ తర్వాత కానూరు. బెజవాడవాళ్లు బందరు రోడ్డు అనేది మన ఎన్‌హెచ్ 65నే.

ముందు రోజు రాత్రి అమ్మే కుర్రాడితో ఫోన్లో రెండే మాటలు చెప్పాను. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు, తర్వాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. రెండింటికీ సరేనన్నాడు. బీటెక్ అయిపోయింది, ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాడు. మర్యాదస్తుడు. వాళ్లమ్మగారు మేం గేటు తీయగానే మజ్జిగ ఇచ్చారు.

బండి మెరిసిపోతోంది. మావాడు ఫొటోలు తీయడం మొదలెట్టాడు. నేను ఇంజిన్ పక్క కవర్ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

“పొద్దున్నే వాటర్ వాష్‌కి తీసుకెళ్లానన్నా, మీరొస్తున్నారని” అన్నాడు.

అందులో మోసం ఉందనుకోనక్కర్లేదు. ఇంటికి చుట్టాలొస్తుంటే వాకిలి కడుగుతాం కదా. కానీ కొనేవాడికి నష్టం రెండు విధాలు. ఇంజిన్ జబ్బులు బయటపడేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే. స్టార్టింగ్ ట్రబుల్, ఆయిల్ పైకెక్కేలోపు వినపడే కటకట, మొదటి పొగ, ఇవన్నీ వేడెక్కాక దాక్కుంటాయి. ఇక కడిగేశాక ఆయిల్ ఎక్కడ కారుతోందో, కూలెంట్ ఎక్కడ మరక కట్టిందో తెలియదు. అందుకే తొందరపడలేదు. ఇంజిన్ చల్లారేదాకా మిగతావి చూస్తాం అన్నాను.

పడిందా, పడలేదా

మామూలు బండికీ స్పోర్ట్స్ బైక్‌కీ చూసే పద్ధతిలో తేడా ఇక్కడే. కమ్యూటర్ బండి పడితే దెబ్బ ఎదురుగా కనిపిస్తుంది. స్పోర్ట్స్ బైక్‌కి ఒంటినిండా ప్లాస్టిక్ ఫెయిరింగ్. పగిలింది తీసేసి కొత్తది బిగిస్తే ‘షోరూమ్ కండిషన్’. అందుకని ఫెయిరింగ్‌ని కాసేపు మర్చిపోయి, పడ్డప్పుడు నేలకి ముందుగా తగిలే చోట్లు చూడాలి. హ్యాండిల్ చివరలుండే బార్ ఎండ్‌లు, బ్రేక్, క్లచ్ లివర్ల కొసలు, ఫుట్‌రెస్ట్ చివర, సైలెన్సర్ అంచు, ఇంజిన్ పక్క కవర్లు. ఎడమ పక్కనీ కుడి పక్కనీ పోల్చి చూడాలి. ఒక పక్క లివర్ పాతదై, రెండోది కొత్తదైతే కారణం అడగాలి.

ఈ బండికి కుడివైపు బార్ ఎండ్ కొత్తది. కుడి లివర్ కొత్తది. కుడి ఫెయిరింగ్ నీలం, ఎడమ ఫెయిరింగ్ నీలం కన్నా ఒక పిసరు ముదురు. నీడలో తెలియలేదు, ఎండలోకి తోసి చూస్తే తెలిసింది.

“పార్కింగ్‌లో పడిందన్నా, చిన్నగా.”

సరే, పార్కింగ్‌లోనూ పడతాయి. అయితే పార్కింగ్‌లో పడ్డ బండికి గీతలు పడతాయి గానీ ఎముకలు కదలవు. ఎముకల సంగతి తెలుసుకోవాలంటే హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పాలి. తిప్పినంత మేరా హ్యాండిల్ ఒకేలా కదలాలి, మధ్యలో ఎక్కడా గాట్లో పడ్డట్టు ఆగకూడదు. ఆగితే బాల్ రేసర్లు పోయినట్టు. చివరికొచ్చాక హ్యాండిల్ ఆగడానికి ఫోర్కుల్ని పట్టి ఉంచే కింది టీ దగ్గర ఓ చిన్న ఇనుప అడ్డు ఉంటుంది, స్టీరింగ్ స్టాపర్. గట్టిగా గుద్దుకున్నప్పుడు చక్రం ఒక పక్కకి తిరిగి ఆ అడ్డుని కొడుతుంది. పెయింట్ లేచిపోయి అక్కడ నొక్కు పడుతుంది. ఫెయిరింగ్ మార్చేవాళ్లు దాన్ని మార్చరు, ఎందుకంటే అది ఎవరికీ కనపడదు. ఫోన్ టార్చ్ వేసి కింద నుంచి చూడాల్సిందే.

ఎడమ పక్క శుభ్రంగా ఉంది. కుడి పక్క స్టాపర్ మీద బఠాణీ గింజ పట్టేంత నొక్కు.

ఇంకేం అనలేదు. నోట్స్‌లో రాసుకున్నాను. మావాడు అప్పటికి సీటెక్కి సెల్ఫీ దిగుతున్నాడు.

అరిగేవి వేరు, విరిగేవి వేరు

సెకండ్ హ్యాండ్ బండిలో అరిగిన వస్తువు తప్పు కాదు, అది రేటు మాట్లాడుకునే విషయం. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 1219 అని ఉంటే 2019లో పన్నెండో వారం తయారైందని. ముందు టైరు మీద అదే ఉంది, అంటే బండితో వచ్చినది. గాడి ఇంకా కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడిపోయింది, వాన రోడ్డు మీద నమ్మలేం. వెనక టైరు 2022ది. అరుగుదల తెలియడానికి గాడి మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, టైరు ఆ గట్ల మట్టానికి వస్తే మార్చాల్సిందే.

చైన్‌ని వెనక స్ప్రాకెట్ మీద వేలితో వెనక్కి లాగి చూడాలి. పళ్ల మీంచి బాగా లేచొస్తే చైన్ కిట్ పని అయిపోయింది. పళ్లు కొక్కేల్లా ఒంగినా అంతే. డిస్క్ మీద గోరు పెట్టి బయటి అంచు దాకా జరిపితే, గట్టు తగిలిన కొద్దీ డిస్క్ అరిగినట్టు. ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్కుల్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కితే, సీల్ పోయిన చోట మెరిసే రాడ్డు మీద ఆయిల్ గీత పడుతుంది. ఇంజిన్ ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడాలి. ఆయిల్ నల్లగా ఉంటే పాతదంతే. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలుస్తున్నట్టు, అక్కడితో ఆపేయొచ్చు.

అరుగుదలకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. డిజిటల్ మీటర్లో కిలోమీటర్లు మార్చేవాళ్లున్నారు. హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, డిస్కుల్ని ఎవరూ మార్చిపెట్టరు. మీటర్ 16 వేలంటుంటే ఇవి 40 వేలన్నట్టు కనిపిస్తే, వీటినే నమ్మండి. ఈ బండిలో రెండూ కలిశాయి. కిలోమీటర్లు నిజమే.

లెక్క వేశాను. ముందు టైరు, చైన్ కిట్, బ్రేక్ ప్యాడ్లు. ఈ మూడింటి ఖర్చూ రేటులోంచి తగ్గించమని అడగొచ్చు. మావాడి మొహం వెలిగింది. “మరి తగ్గించి తీస్కుందామే అన్నా” అన్నాడు.

అప్పటికి గంటన్నర దాటింది. వీధి చివర టిఫిన్ బండి దగ్గర పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి తిని వచ్చేసరికి ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంది.

వందడుగుల రోడ్డు మీద

స్టార్ట్ బటన్ నొక్కే ముందు తాళం తిప్పి మీటర్ చూడాలి. చెక్ ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు వెలగాలి. అవి వెలగడమే మంచిది. అసలు వెలగకపోతే ఎవరో వాటి నోరు నొక్కేశారని అనుమానించాలి. ఇంజిన్ స్టార్టయ్యాక మొదటిది ఆరిపోవాలి, బండి కాస్త కదిలాక రెండోది ఆరిపోవాలి.

ఒక్క నొక్కుకే స్టార్టయింది. కటకట లేదు. పొగ లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. కాసేపు నిలబెట్టి నడిపితే రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరిగింది. ఇంజిన్‌కి నూటికి తొంభై మార్కులు వేశాను.

టెస్ట్ రైడ్‌కి తాడిగడప దగ్గర వందడుగుల రోడ్డుకి వెళ్లాం. మావాడు ముందు ఎక్కాడు. ఆర్15 వీ3లో 155 సీసీ ఇంజిన్. 7,400 ఆర్‌పీఎం దగ్గర వాల్వులు తెరుచుకునే తీరు మారుతుంది. వీవీఏ అని మీటర్లో కనిపిస్తుంది, చప్పుడు కూడా మారుతుంది. రెండో గేర్లో ఆ చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి హెల్మెట్ తీస్తే వాడి మొహం చూడాలి. “మస్తుందే అన్నా!”

“హ్యాండిల్ ఎలా ఉంది?”

“హ్యాండిలా?”

తర్వాత నేను ఎక్కాను. టెస్ట్ రైడ్‌లో స్పీడు చూడక్కర్లేదు, అది కంపెనీ ఎప్పుడో చూసేసింది. 40లో తిన్నగా వెళ్తూ చేతుల బిగువు మాత్రం వదలాలి, చేతులు కాదు. బండి ఏ పక్కకైనా లాగుతోందా? ముందు బ్రేక్ ఒక్కటే వేస్తే వణుకుతోందా? పై గేర్లో ఎక్సలేటర్ ఇస్తే ఇంజిన్ అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఒక్కో గేరూ ఎక్కించి దించి చూడాలి.

గేర్లు బాగున్నాయి, క్లచ్ బాగుంది, బ్రేకులు బాగున్నాయి. కానీ బండి తిన్నగా వెళ్తుంటే హ్యాండిల్ కొంచెం ఎడమకి చూస్తోంది. కొంచెమే. వెతికితే గాని తెలియనంత.

ఆటోనగర్

ఇంకో ఊళ్లో అయితే ఇక్కడ ఆగిపోయేవాళ్లం. బెజవాడలో ఆగక్కర్లేదు, పక్కనే ఆటోనగర్ ఉంది. 1960లలో మొదలైన ఊరిలాంటి ఊరు. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్లు, ఒక వీధిలో కమాన్ పట్టీలు, ఇంకో చోట రేడియేటర్లు, లేత్ షాపులు, సీటు కుట్టేవాళ్లు, పెయింటర్లు. 2014లో నాగచైతన్య హీరోగా వచ్చిన ‘ఆటోనగర్ సూర్య’ పేరు గుర్తుందా, ఆ ఆటోనగర్ ఇదే. గాలిలో వెల్డింగ్ వాసన, సుత్తి చప్పుడు. ఇక్కడి జనానికి బండి అంటే వస్తువుల కట్ట. దేన్నైనా విప్పుతారు, దేన్నైనా మళ్లీ బిగిస్తారు.

మేం వెళ్లిన మెకానిక్‌కి అరవై దాటి ఉంటాయి. బండి పేరు అడగలేదు, మోడల్ అడగలేదు. “ఎక్కడ పడింది?” అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు.

నైలాన్ దారం తెచ్చారు. బండిని నిటారుగా నిలబెట్టి, ముందు స్వింగార్మ్ మీద రెండు వైపులా చైన్ అడ్జస్టర్ గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూశారు. ఉన్నాయి. తర్వాత దారాన్ని వెనక టైరు చుట్టూ తిప్పి, రెండు కొసల్నీ ముందుకి లాగి, వెనక టైరు రెండు అంచుల్నీ తాకేలా ముందు చక్రం దాకా సాగదీశారు. ఈ బండికి వెనక టైరు 140, ముందు టైరు 100. అంటే ముందు చక్రానికి ఆ పక్కా ఈ పక్కా దారానికి దాదాపు 20 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ రావాలి. స్కేలు పెట్టి నన్నే చదవమన్నారు. ఒక పక్క 12, ఇంకో పక్క 27.

“ఫోర్కులు టీలో తిరిగుంటే లూజు చేసి సర్దొచ్చండి. అది పెద్ద పనేం కాదు” అన్నారు. నా పక్కనే మావాడు ఊపిరి వదలడం వినిపించింది. ఆయన టార్చ్ తీసుకుని హ్యాండిల్ తిప్పి, ఫ్రేమ్‌కి ఫోర్కులు కలిసే మెడ దగ్గర చాలాసేపు చూశారు. గుడ్డతో తుడిచారు, మళ్లీ చూశారు. “ఇలా రండి.”

వెల్డింగ్ పక్కన పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత. గీత పొడవునా సన్నగా తుప్పు.

“ఇంజిన్ బంగారమండి. దాన్ని మోసేదే నమ్మలేం.”

అప్పుడు చెప్పాడు ఆ కుర్రాడు. నిరుడు వానల్లో వారధి మీద ముందు కారు ఒక్కసారిగా ఆగింది. చెయ్యి విరిగింది, రెండు నెలలు కట్టుతో ఉన్నాడు. ఇంట్లో ఆ బండి కనపడకూడదన్నారు. ఫెయిరింగ్, లివర్లు మార్పించి కవర్ కప్పేశాడు. “యాక్సిడెంటయిందా అని ఎవరూ అడగలేదన్నా. అందరూ లాస్ట్ ప్రైస్ ఎంత అనే అడుగుతారు.”

నేను మావాడి వంక చూశాను. వారం రోజుల చాట్ వాడి ఫోన్లోనే ఉంది.

“డెబ్బై వేలకి ఇస్తావా?” అని అడిగాడు వాడు. గొంతులో ఆశ ఇంకా ఉంది. కుర్రాడు తలూపబోయాడు. మెకానిక్కే అడ్డుపడ్డారు. “ఫ్రేమ్ మార్చాలి బాబూ. ఛాసిస్ నంబరు ఉండేది దాని మీదే. ఆర్టీవో పర్మిషన్ లేకుండా మారిస్తే ఆ బండి నీది అని నువ్వు చెప్పుకోలేవు. ఈ ఫ్రేమ్‌కే వెల్డింగ్ పెట్టి ఇమ్మంటావా, నేను పెట్టను. ఇంకొకడు పెడతాడు. అది ఎనభైలో తెలుస్తుంది, నలభైలో తెలీదు.”

వాడు బండి వంక చూశాడు. తర్వాత తాళం కుర్రాడి చేతికిచ్చేశాడు.

ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. “నిజం చెప్తే ఎవరు కొంటారన్నా?” దానికి జవాబు కూడా ఆటోనగరే ఇచ్చింది. ఆర్సీ క్యాన్సిల్ చేయించి విడగొడితే ఇంజిన్‌కీ, చక్రాలకీ, స్వింగార్మ్‌కీ గిరాకీ ఉంటుందన్నారాయన. లక్ష రాదు. రాకపోయినా పరవాలేదు, నీ అంత వయసున్న ఇంకొకణ్ని దాని మీద ఎక్కించక్కర్లేదు అన్నారు. చూసినందుకు మూడు వందలు తీసుకున్నారు.

సూర్యాపేట దాకా మావాడు నాతో మాట్లాడలేదు. మాట్లాడించే ప్రయత్నం నేనూ చేయలేదు.

బండి బాగున్నా సరే, కాగితాలు

ఆ బండి బాగుందే అనుకుందాం. అప్పుడైనా పని సగమే అయినట్టు. కోదాడ దాటాక రాష్ట్రం మారుతుంది. 2014 జూన్ 2 నుంచి ఇవి రెండు రాష్ట్రాలు, రెండు రవాణా శాఖలు. ఏపీ 39 నంబరున్న బండిని తెలంగాణలో ఉండేవాడు కొంటే, ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ తీసుకోవాలి. తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకుని, బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. యాప్‌లో ‘అక్కడ పది వేలు తక్కువ’ అని కనిపించే బండికి ఆ పది వేలూ ఇక్కడే ఖర్చయిపోవచ్చు. టికెట్ బుక్ చేసే ముందే ఈ లెక్క వేసుకోండి.

సొంత రాష్ట్రంలో కొన్నా ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తప్పవు. లోన్ మీద కొన్న బండైతే ఆర్సీలో బ్యాంకు పేరుంటుంది. అది తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ కావాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు చూడండి. ట్రాఫిక్ పోలీసుల సైట్లో చలాన్లు చూడండి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరుని బండి మెడ మీద చెక్కిన నంబరుతో ఒక్కో అంకె చొప్పున పోల్చండి. అంకెలు గీకినట్టుంటే మజ్జిగకి కూడా ఆగొద్దు.

ఇన్సూరెన్స్ పేరు మార్పు కోసం 14 రోజుల్లోపు కంపెనీకి అప్లై చేయాలి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకి అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. అందుకే 2019 బండికి ఆ పాలసీ 2024లోనే ముగిసి ఉంటుంది, ఆ తర్వాత కట్టారో లేదో అడగాలి.

అమ్మేవాళ్లకీ ఒక మాట. డబ్బు చేతికొచ్చింది, తాళం ఇచ్చేశాం, ఇక మనకేం సంబంధం అనుకుంటారు చాలామంది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా వెళ్లినా, అండమాన్ వెళ్లినా సరే, పేరు మారిందని చూసుకున్నాకే విమానం ఎక్కండి.

తర్వాత

నాలుగు రోజులకి ఆ కుర్రాడి ప్రకటన యాప్‌లోంచి పోయింది. వారానికి కొత్తది వచ్చింది. రేటు సగానికన్నా తక్కువ. కింద ఒక లైను కలిపాడు: ‘యాక్సిడెంట్ అయిన బండి, ఫ్రేమ్ దెబ్బతింది, పార్టుల కోసం మాత్రమే.’ ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపింది మావాడే. కింద ఏమీ రాయలేదు.

వాడు బండి ఆలోచన మానుకోలేదు, మానుకోవాలని నేనూ అనుకోలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లోనే వెతుకుతున్నాడు. మొన్న ఓ అమ్మకందారుతో చాట్ చూపించాడు. మొదటి మెసేజ్ లాస్ట్ ప్రైస్ గురించి కాదు. ‘బ్రో, బండి ఎప్పుడైనా పడిందా? ఎక్కడ?’ అని ఉంది.

అవతలివాడు ఇంకా జవాబివ్వలేదు. అది కూడా ఒక జవాబేనని వాడికిప్పుడు నేను చెప్పక్కర్లేదు.